తొలి కుటుంబాల జాబితాలో వాడ ఏదీ?

ఒక పుస్తకం మా చేతికొచ్చింది. నున్నటి కాగితం, రంగుల అట్ట, అట్ట మీద పెద్ద మర్రిచెట్టు. చెట్టుకు కొమ్మ కొమ్మకూ ఒక పేరు. నిజాంసాగర్ ఆయకట్టు కింద ఉన్న ఒక చిన్న పట్నం తొలి కుటుంబాల వంశవృక్షమట అది. ఊరి పేరు మేము రాయము. పేరు మార్చినా కథ మారదు గనుక రాయాల్సిన అవసరమూ లేదు.

తాతల పేర్లు రాసుకోవడం తప్పని మేము అనడం లేదు. ఎవరి తాత వాళ్లకు ముద్దు. ఆ పుస్తకంలో లేని పేర్ల గురించే మా పేచీ అంతా.

మా పెద్దలు వచ్చేనాటికి ఇక్కడ అంతా అడవి, పాములూ పులులూ తప్ప నరమానవుడు లేడు అని మొదటి పేజీలోనే రాసుకున్నారు. ఆ తర్వాత కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల నుంచి వచ్చిన కుటుంబాల చెట్లు, అయిదు తరాల దాకా. వెనక పేజీల్లో అంతకుముందు నుంచీ ఉన్న పటేలు చెట్టొకటి, పట్వారీ చెట్టొకటి. అయ్యా, నరమానవుడు లేని అడవిలో పట్వారీ ఎవరి లెక్కలు రాసిండు? పటేలు ఎవరి దగ్గర శిస్తు వసూలు చేసిండు, పులుల దగ్గరా? ఇక పుస్తకం చివర్లో ఒక్క ముక్క: నమ్మకమైన పనివాళ్లు తోడ్పడ్డారని. ఆ పనివాళ్లకు పేర్లు లేవు. అయ్యలు లేరు, అవ్వలు లేరు, కొమ్మలు లేవు, వేర్లు లేవు. చెట్టుకు నీళ్లు పోసినోళ్లు చెట్టు బొమ్మలో లేకుండా పోయిండ్రు.

దీన్ని మరిచిపోవడం అంటారా? మేము అనము. మతిమరుపు ఎప్పుడూ ఒకే వాడ మీద పడుతుంటే దానికి మతిమరుపు అన్న పేరు చెల్లదు.

అడవి కాదది, ఊరు

మంజీరా నది మీద నిజాంసాగర్ కట్టడం 1923లో మొదలై 1931లో పూర్తయింది. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలం, ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్. 2,75,000 ఎకరాలకు నీళ్లివ్వాలని లెక్క. కాలువ వచ్చిన తర్వాత బోధన్ పక్క చెరుకు వచ్చింది, శక్కర్‌నగర్‌లో చక్కెర ఫ్యాక్టరీ వచ్చింది, కోస్తా జిల్లాల రైతు కుటుంబాలు వచ్చి భూములు కొన్నాయి. ఇవాళ్టికీ ఈ ప్రాంతంలో ఊరి పేరు చివర 'క్యాంపు' అని వినబడితే అది ఆ రోజుల గుర్తు.

ఇందులో అబద్ధమేమీ లేదు. ఖాళీ నేల మీదికి వచ్చామనడమే అబద్ధం. డ్యాం నీళ్లలో మునిగిపోయింది అడవి ఒక్కటే కాదు, ఊళ్లు. ఆ ఊళ్లు ఖాళీ చేసి, తట్టాబుట్టా నెత్తిన పెట్టుకుని ఎటుపోయిన వాళ్లటు పోయిండ్రు. వాళ్ల వంశవృక్షం ఎవరు వేసిండ్రు? ఇంకో సంగతి చెప్తాము. అప్పు కింద మనిషిని తరతరాలు కట్టిపడేసే భగేలా జీతం మీద నిజాం సర్కారే 1936లో నిబంధన తేవాల్సి వచ్చింది. జీతగాళ్లే లేని అడవి కోసం ఏ సర్కారైనా చట్టం చేస్తుందా? మనుషులున్నారు. కట్టుబానిసలుగా ఉన్నారు. పుస్తకంలో 'లేరు' అన్నది వాళ్ల గురించే.

మరి కోస్తా నుంచి వచ్చిన వాళ్లు ఎట్లా రాగలిగిండ్రు? అక్కడ గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్ట 1852లో, కృష్ణ మీద బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తయ్యాయి. నీళ్లొచ్చిన భూమికి ధర వచ్చింది. అక్కడ ఎకరం అమ్మితే ఇక్కడ నాలుగు ఎకరాలు కొనగలిగిన రోజులవి. అమ్మడానికి ఎకరం ఎవరికుంది? అదే డెల్టాలో కాలువ గట్టున గుడిసె వేసుకున్న మాలకు, మాదిగకు లేదు. కూలికి పోవడమే తప్ప కొనడం వాళ్ల చేతిలో లేదు. ఆ డెల్టా నీళ్ల బలుపే 1985లో కారంచేడులో, 1991లో చుండూరులో దళితుల నెత్తురు తాగింది.

అంటే ఏమన్నట్టు? 'తొలి సెటిలర్' అంటే మొదట వచ్చిన మనిషని అర్థం చేసుకోకండి. మొదట కొన్న మనిషని అర్థం. కొనలేని వాడు ఎన్ని తరాల ముందు వచ్చినా తొలి కాలేడు. కొన్నవాడితో పాటు అదే బండి మీద జీతగాడుగా వచ్చినా తొలి కాలేడు. 1953లో తుంగభద్ర డ్యాం వచ్చాక కర్ణాటకలో సింధనూరు, గంగావతి పక్కకు పోయిన ఆంధ్ర క్యాంపుల దగ్గరా లెక్క ఇదే. బండి తోలినవాడు చరిత్రలో దిగలేదు, బండి మీద కూర్చున్నవాడు దిగిండు.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలె. వచ్చినోళ్లు పోవాలని మేము అనడం లేదు. మూడు తరాలు దున్నిన వాణ్ణి పొమ్మనే పని మాది కాదు. ముందునుంచి ఉన్న దొరలు మాత్రం మనోళ్లని మురిసిపోవద్దు. దొర చెట్టులోనూ వాడ లేదు, సెటిలర్ చెట్టులోనూ వాడ లేదు. స్థానికుడా, పరాయివాడా అన్న తగాదాలో పైకులాలు కొట్లాడుకుంటాయి, మన పేరు తీసేసే దగ్గర మాత్రం ఇద్దరి కలం ఒకటే.

'తొలి' అంటే పట్టా

పోనీ లెండి, పుస్తకమే కదా, రాసుకోనివ్వండి అంటారు కొందరు మనోళ్లే. అన్నలారా, అక్కలారా, అది ఉత్త పుస్తకం కాదు. మన దేశంలో వంశావళి ఎప్పుడూ ముచ్చట కోసం రాయలేదు. హక్కు కోసం రాసిండ్రు.

రెండు వందల ఏళ్ల కింద మెకంజీ దొర కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరుల లాంటి పండితులను పెట్టుకుని ఊరూరి చరిత్ర రాయించిండు. మెకంజీ 1821లో చచ్చిపోయిండు గానీ ఆ కైఫీయతులు ఇంకా ఉన్నాయి. వాటిల్లో ఊరు ఎట్లా పుట్టింది, గుడి ఎవరు కట్టించిండ్రు, కరణీకం మిరాశీ ఏ ఇంటివాళ్లది అని ఉంటుంది. ఎవరు చెబితే రాసిండ్రు? ఎక్కువగా ఊరి కరణాలు చెబితే. కరణం తన తాత పేరు మొదట చెప్పిండు, ఎందుకంటే మిరాశీ తాత నుంచి వస్తుంది. తాతకు చెట్టుంటే మనుమడికి మాన్యం ఉంటుంది. ఇంత సులువు లెక్క.

ఆ లెక్క ఇవాళ కూడా నడుస్తోంది. బొడ్రాయి పండుగ వస్తే మొదటి బిందె నీళ్లు ఎవరు పోయాలె? తొలి కుటుంబం. గుడి కమిటీలో పెద్ద ఎవరు? తొలి కుటుంబం. చౌరస్తాకు ఎవరి తాత పేరు? తొలి కుటుంబం తాతది. వాడ వాళ్లు బొందలగడ్డకు హద్దులు పెట్టమని పోతే, మీరెప్పటి వాళ్లని, మధ్యల వచ్చినోళ్లే కదా అని అదే పుస్తకం చూపిస్తరు. మన ముత్తాతలు పూడ్చిన మన్ను మీద మనం మధ్యల వచ్చినోళ్లం అయితిమి!

హద్దు తెలిసినవాడు ఎవడు?

ఊరి పొలిమేర తగాదా వచ్చినప్పుడు పాత రోజుల్లో ఎవరిని పిలిచిండ్రు? పట్వారీ కాగితం ఉంది, పటేలు కర్ర ఉంది. అయినా హద్దురాయి ఎక్కడుందో చూపెట్టడానికి వెట్టివాణ్ణి, తలారిని, నీరటిని పిలిచిండ్రు. ఏ కాలువ ఏ మడికి పోతుంది, ఏ చెరువు తూము ఎన్ని జానలు ఎత్తాలె, చచ్చిన పశువును ఏ దారిన తీయాలె, దూరపు ఊరికి చావు కబురు ఏ అడ్డదారిన తీసుకుపోవాలె, ఇవన్నీ వాడకే తెలుసు. ఒక ఊరి నేలను అడుగడుగునా తెలిసినవాడు ఆ ఊరికి నిన్న వచ్చినవాడు ఎట్లా అవుతాడు?

ఈ పనులకు బదులు ఇచ్చినవే సేత్‌సింది ఇనాం, నీరటి ఇనాం, బలూత ఇనాం. 1955 తెలంగాణ ఇనాం రద్దు చట్టంలో ఈ పేర్లు రాసే ఉన్నాయి. అంటే సర్కారు కాగితమే సాక్ష్యం చెబుతోంది: వాడకు ఊళ్లో పని ఉంది, పనికి భూమి ఉంది, భూమికి వారసులున్నారు. ఆ భూముల్లో ఎన్ని ఇవాళ ఆ వారసుల చేతిలో ఉన్నాయో ప్రతి వాడలో లెక్క తీయండి. అప్పు కింద పోయిందెంత, కల్లుసీసాకు వేలిముద్ర పెట్టించుకున్నదెంత, కాగితం మీద పేరు మార్చిందెంత? ఆ లెక్క వంశవృక్షం లేకుండా తేలదు. నీరటి ఫలానావాడు, వాడి కొడుకు ఫలానా, మనుమరాలు ఫలానా అని చూపించలేని వాడ తాసిల్దారు ముందు మూగదవుతుంది.

1984లో పటేల్ పట్వారీ, కరణం మునసబు పదవులు రద్దయ్యాయి. తెలంగాణలో 2020లో వీఆర్వోలను తీసేశారు, 2023లో వీఆర్‌ఏలను వేరే శాఖల్లో సర్దారు. ధరణి పోయి 2025లో భూభారతి వచ్చింది. పుస్తకాలు మారుతున్నాయి, పేర్లు రాసే యంత్రాలు మారుతున్నాయి. పొలిమేర నడిచి చూపించిన ముసలోళ్లు మాత్రం ఒక్కొక్కరే రాలిపోతున్నారు. యంత్రంలో మన పేరు లేదు, నోట్లో ఉన్న పేరు మట్టిలో కలుస్తోంది. ఇంకో పదేళ్లు ఊరుకుంటే అడగడానికి మనిషి ఉండడు.

నరికిన కొమ్మలు

మన వంశం రాయడం ఎందుకు కష్టమైంది? మనకు తాతలు లేక కాదు. పాత రికార్డు తీసి చూడండి. పైకులం వాడికి ఇంటిపేరు, పేరు, తండ్రి పేరు, పక్కన గారు. మనకు? మాల ఎల్లిగాడు, మాదిగ లచ్చిగాడు. ఇంటిపేరు ఉండాల్సిన చోట కులం. పది ఇండ్లకూ ఒకటే కులం పేరు పెడితే ఎవరి కొడుకు ఎవరో మూడో తరానికి తెలుస్తుందా? పేరు చివర 'గాడు' తగిలించింది మర్యాద తెలియక కాదు. వారసుడు దొరకకుండా చేసే తెలివి అది.

ఇంకో కొమ్మ గురించి చెప్పాలంటే నోరు చేదవుతుంది. ఈ నిజామాబాద్ జిల్లా పల్లెల్లో దేవుడి పేరు చెప్పి దళిత ఆడపిల్లలను జోగినులను చేసిండ్రు. ఆ ఆచారాన్ని నిషేధిస్తూ 1988లో చట్టం వచ్చింది. హేమలతా లవణం లాంటి వాళ్లు ఈ జిల్లాలో ఆ ఆడబిడ్డల కోసం ఏండ్లు పనిచేసిండ్రు. ఆ తల్లులకు పుట్టిన బిడ్డల తండ్రులు ఎవరు? ఊరందరికీ తెలుసు. ఏ దొర వంశవృక్షంలోనైనా ఆ బిడ్డ పేరు ఉందా? నెత్తురు ఇచ్చిండ్రు, పేరు ఇవ్వలేదు. స్వచ్ఛమైన వంశమని రంగుల్లో అచ్చేసుకునే వాళ్లు ముందు తమ చెట్టు మొదట్లో గొడ్డలి గాట్లు లెక్కపెట్టుకోవాలె.

ఆ పుస్తకాల్లో ఆడవాళ్లే లేరు. కొడుకు నుంచి కొడుక్కి గీత పోతుంది. కోడలు ఫలానా వారి ఆడపడుచు అని ఒక ముక్క, అంతే. మన చెట్టు అట్లా వేయొద్దు. వాడలో సంసారాలు నిలబెట్టింది ఆడవాళ్లు. మొగుడు జీతంలో ఉంటే, వలస పోతే, నాటుకూ కోతకూ పోయి ఇల్లు నడిపింది ఆమె. ఏ ఊరి బిడ్డ ఏ ఊరికి కోడలైందో, పిల్లలు ఎవరో ఆమెనే అడగాలె, ఆమె పేరుతోనే రాయాలె. జోగిని బిడ్డకు తల్లి పేరే ఇంటిపేరు అయితే మన చెట్టుకు అవమానం కాదు, బలం.

మనకూ చెప్పేటోళ్లు ఉన్నారు

అక్షరం మనకు ఇవ్వలేదు గానీ జ్ఞాపకం లాక్కోలేకపోయిండ్రు. మాదిగ వాడకు డక్కలి ఉన్నాడు. పటం విప్పి, కిన్నెర మీటి జాంబపురాణం చెప్పిండు, మీ తాత ఫలానా, ముత్తాత ఫలానా అని గోత్రాలు ఒప్పజెప్పిండు. చిందోళ్లు ఉన్నారు, మాష్టీలు ఉన్నారు. మాలవాడకు మాలదాసరి ఉన్నాడు. చిందు ఎల్లమ్మ ఆడి పాడిన జిల్లా ఇది. కరణానికి తాటాకు కట్ట ఉంటే మనకు మనిషే కట్ట.

మరి అదే డక్కలిని వాడ ఎట్లా చూసింది? మాదిగ గడపలోకి రానివ్వలేదు. వాడకు ఆవల గుడారం వేసుకొమ్మన్నది. ఊరు వాడను ఏం చేసిందో వాడ డక్కలిని అదే చేసింది. మెట్ల మెట్ల కులం అని బాబాసాహెబ్ చెప్పింది ఇదే. మన వంశం మొత్తం నెత్తిన మోసినవాడికి మన వాకిట్లో పీట లేకపోతే మనం అడిగే న్యాయానికి మొహం ఉండదు. వాడ చరిత్ర రాసే నాడు మొదటి పీట డక్కలికి, మాలదాసరికి వేయాలె.

ఇంకో ప్రమాదం కూడా ఉంది. మనం రాయడం మొదలుపెట్టగానే మేము రాజులం, మాకు కోటలున్నాయి, పక్క వాడ కంటే మేమే పెద్ద అని పొయ్యేటోళ్లు పుడతారు. మాల తాత గొప్పా, మాదిగ తాత గొప్పా అని కొట్టుకుంటే పుస్తకం అచ్చేసినోడు నవ్వుకుంటడు. వాటా సంగతి వాటా దగ్గర తేల్చుకుందాం. తాతల మీద తగాదా వద్దు.

పెద్దలు ఈ విషయంలో ఏం చేసిండ్రో చూడండి. 1917లో బెజవాడలో పంచమ మహాసభ అని పెడితే అధ్యక్షుడు భాగ్యరెడ్డి వర్మ ఆ పేరే ఒప్పుకోలేదు. మేము అయిదో కులం కాదు, ఈ నేలకు మొదటి వాళ్లం అన్నాడు. సభ పేరు ఆది ఆంధ్ర అయింది. 1931 జనాభా లెక్కల్లో హైదరాబాద్ రాజ్యంలో ఆది హిందువులని రాయించిండ్రు. ఒక్క 'ఆది' అన్న మాట కోసం ఆ తరం అంత కొట్లాడింది, ఎందుకంటే మొదటి వాళ్లమన్న మాటలో ఉన్న హక్కు వాళ్లకు తెలుసు. బాబాసాహెబ్ 1948లో అంటరానివారి పుట్టుక మీద పుస్తకం రాస్తూ ఇంకో దారిలో పోయిండు. స్థిరపడిన తెగల ఊళ్ల పక్కన, ఓడి చెదిరిపోయిన తెగల మనుషులు కాపలా కాస్తూ ఊరి బయట నిలిచిండ్రని, వాళ్లే మనమని, బౌద్ధాన్ని వదలనందుకే అంటరానివాళ్లను చేసిండ్రని వాదించిండు. ఒకరు మొదటి వాళ్లం అన్నారు, ఒకరు చెదిరిన వాళ్లం అన్నారు. ఇద్దరూ ఒక్కచోట కలుస్తారు: అంటరానితనం పుట్టుకతో రాలేదు, మనుషులు పెట్టింది. పెట్టింది గనుక తీసేయొచ్చు.

అందుకే మన చెట్టు గొప్పతనం కోసం వేసుకునేది కాదు. ఇక్కడ ఉన్నాం, ఈ పని చేసినం, ఈ భూమి మాకుండేది, ఇట్లా పోయింది అని నిలబెట్టి చూపించడానికి వేసేది.

ఎట్లా మొదలుపెట్టాలె

సంఘం పిల్లలూ, చదువుకున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఈ పనికి పండితులు అక్కర్లేదు. ఒక నోటుబుక్కు, ఒక పెన్ను చాలు.

ముందు వాడలో అందరికంటే ముసలమ్మ దగ్గర కూర్చోండి. పుట్టిన ఊరు, తల్లి పేరు, అమ్మమ్మ పేరు, ఎవరి జీతంలో ఉన్నరు, ఎందుకు విడిచిండ్రు అని అడగండి. తారీఖులు చెప్పలేదని విసుక్కోవద్దు. కరువు, వరద, రజాకార్ల గొడవ, డ్యాం కట్టిన ఏడు, ఇవే ఆమెకు తారీఖులు.

తర్వాత బడికి పోండి. అడ్మిషన్ రిజిస్టరు అడగండి. వాడ నుంచి బడికి వచ్చిన మొదటి పిల్ల ఎవరు, తండ్రి పేరు ఏమని రాసిండ్రు? బడిపంతుళ్లుగా మేము చెబుతున్నాము, చాలా వాడల్లో 'గాడు' లేకుండా మన పేరు ఎక్కిన మొదటి కాగితం అదే.

తర్వాత తాసిల్ ఆఫీసు. తెలంగాణలో అయితే సేత్వార్, 1954-55 ఖాస్రా పహాణీ. ఆంధ్ర జిల్లాల్లో అయితే ఇనాం ఫెయిర్ రిజిస్టరు, ఆర్.ఎస్.ఆర్. ఇవ్వం అంటే 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి, రసీదు తీసుకోండి. ఉర్దూలో ఉంటే ఊళ్లో చదివే ముసల్మాన్ పెద్దమనిషి ఉంటడు, ఆయన కాడికి పోండి. ఆయన తాత పేరు కూడా ఆ రంగుల పుస్తకంలో ఉండదు, సంతోషంగా చదివి పెడతడు.

తర్వాత బొందలగడ్డకు పోండి. ఏ సమాధి ఎవరిదో పెద్దమనుషులను నడిపించి రాసుకోండి, నాలుగు దిక్కులా హద్దులు రాసుకోండి, ఊరి సభలో చదివి సంతకాలు తీసుకోండి. ముత్తాత ఎముకల కంటే పెద్ద పట్టా ఏ ఆఫీసూ ఇవ్వలేదు. కానీ ఆఫీసు కాగితమే చూస్తుంది గనుక ఎముకలకు కాగితం మనం చేయాలె.

మాలవాడ, మాదిగవాడ, వడ్డెర గుడిసెలు, డక్కలి గుడారాలు అన్నీ ఒకే పుస్తకంలో రాయండి. అచ్చుకు డబ్బు లేకపోతే చేతిరాత చాలు, నాలుగు కాపీలు తీసి ఒకటి వాడలో, ఒకటి సంఘంలో, ఒకటి బడిలో పెట్టండి, ఒకటి పంచాయతీ ఆఫీసులో ఇచ్చి ముద్ర వేయించుకోండి.

తొలి కుటుంబాల వాళ్లకూ ఒక మాట. మీరు వేసుకున్న చెట్టును మేము కొట్టేయము. ఆ చెట్టు కింద మట్టి ఎవరిదో రాసుకొస్తున్నాము. మీ పుస్తకం రెండో ముద్రణకు పోయేలోపల మా నోటుబుక్కు మీ బొడ్రాయి దగ్గరికి వస్తది. అప్పుడు మొదటి బిందె నీళ్లు ఎవరు పోయాలో ఊరంతా కూర్చుని మాట్లాడుదాం.

జై భీమ్!